పాత పికప్‌కి ముందు సస్పెన్షన్: ఏది వెయ్యాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి

చిత్తూరులోనైనా తిరుపతిలోనైనా పాత పికప్ ముందుభాగం విప్పి షెడ్డులో పెట్టగానే అందరూ అడిగేది ఒకటే: "కమాను కట్టలే ఉంచుదామా, కాయిల్ స్ప్రింగులు పెట్టేద్దామా?" కమాను కట్ట అంటే ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన లీఫ్ స్ప్రింగ్. నన్నడిగితే అది రెండో ప్రశ్న. ముందు చక్రం నడిమధ్య బిందువు ఛాసిస్ మీద ఎక్కడికి రావాలి, నేల నుంచి ఛాసిస్ ఎంత ఎత్తులో నిలబడాలి అన్నది మొదటిది. అది తేలిందంటే కింద చెప్పబోయే నాలుగు దారుల్లో రెండు వాటంతట అవే మూసుకుపోతాయి. అది తేల్చకుండా గుజిరీ నుంచి సామాను తెచ్చి పడేసుకుంటే, ఆ సామానుకి తగ్గట్టు బండిని కోసుకుంటూ పోవాల్సి వస్తుంది.

ఇక్కడ పాత పికప్ అంటున్నది జీపు వంశం బండ్లని: ముందు రిజిడ్ యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే ఇరుసు), దాని కింద రెండు కమాను కట్టలు, సి ఆకారం ఛానల్ ఛాసిస్. మన జిల్లాల్లో వీటిని పెట్టుకున్నవాళ్ళు ప్రధానంగా రెండు రకాలు. దామలచెరువుకి మామిడో, మదనపల్లెకి టమోటానో తోలేవాళ్ళు ఒకరు. తాతల నాటి బండిని ముద్దుగా బాగుచేయించుకుని ఆదివారం బయటికి తీసేవాళ్ళు ఇంకొకరు. ఈ ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

చట్టం. దీన్ని చివర్లో చూసుకుందాం అనుకునేవాళ్ళే ఎక్కువ, నేను మాత్రం ముందు పెడుతున్నాను. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ మారింది. అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. బాడుగ బండికి ఎనిమిదేళ్ళు దాటాక ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తప్పదు. ఎఫ్‌సీకి వెళ్ళినప్పుడు రిజిడ్ యాక్సిల్ ఉండాల్సిన చోట విష్‌బోన్లు (ఒక్కో చక్రాన్నీ విడిగా పట్టుకునే ఆర్మ్‌లు) కనిపిస్తే ఏం జవాబు చెబుతారో ముందే ఆలోచించుకోండి.

బరువు ఎక్కడ పడుతుంది. "లోడు ఎక్కువ సామీ, ముందు రెండు పట్టీలు ఎక్కువ వెయ్యి" అని చెప్పి వేయించుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. లెక్క చూద్దాం. వీల్‌బేస్ 2,600 మి.మీ. అనుకుందాం. తొట్టిలో లోడు నడిమధ్య వెనక యాక్సిల్‌కి 300 మి.మీ. ముందుంది. అప్పుడు టన్ను సరుకులో ముందు యాక్సిల్ మీదికి వచ్చేది 115 కిలోలు. మిగతాదంతా వెనకే. ముందు పట్టీలు చేర్చినందువల్ల లోడు మోసే శక్తి పెద్దగా పెరగదు, బండి మాత్రం గుంతలో ఎగిరెగిరి పడుతుంది. ముందు సస్పెన్షన్‌కి అసలు పరీక్ష లోడు కాదు, లోడుతో ఘాట్ దిగుతూ బ్రేకు తొక్కడం. భాకరాపేట ఘాట్‌లో గానీ మొగిలి ఘాట్‌లో గానీ దిగుతున్నప్పుడు బరువంతా ఒక్కసారిగా ముందుకి వస్తుంది.

ఛాసిస్ ఆ బరువుని ఎక్కడ పట్టుకుంటుంది. కమాను కట్ట బరువుని రెండు కొసల దగ్గర ఇంచుమించు సగం సగం ఛాసిస్‌కి ఇస్తుంది. కాయిల్ వేసిన విష్‌బోన్ అలా పంచదు. కింది ఆర్మ్ పొడవులో, లోపలి కీలు నుంచి 60 శాతం దగ్గర స్ప్రింగ్ కూర్చుంటే, చక్రం మీద 400 కిలోలు ఉన్నప్పుడు స్ప్రింగ్ గూటి మీద 667 కిలోలు పడతాయి. అదీ ఒకే చోట. సి ఛానల్ తెరిచి ఉన్న వైపు మెలితిరుగుతుంది కాబట్టి అక్కడ ఛానల్‌ని మూసి పెట్టెలా చెయ్యకుండా విష్‌బోన్ వెయ్యకూడదు. స్ప్రింగ్ బలం సంగతి కూడా ఇంతే: అదే 60 శాతం దగ్గర స్ప్రింగ్ గట్టితనంలో చక్రానికి అందేది 36 శాతమే. వేరే బండి స్ప్రింగ్ తెచ్చి "గట్టిగానే ఉంది కదా" అని చేత్తో నొక్కి చూస్తే తెలిసే విషయం కాదిది.

సామాను, చెయ్యి. కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే పిన్ను), బుష్‌లు, పట్టీలు చిత్తూరులోనే దొరుకుతాయి. దాత బండి, అంటే సస్పెన్షన్ విప్పి తెచ్చుకునే వేరే బండి, సామానుకి చెన్నై పుదుపేటకో బెంగళూరు శివాజీనగర్ గుజిరీకో పోవాలి. దారిలో బండి ఆగితే పలమనేరులో ఎవరైనా చెయ్యి పెట్టగలరా అన్నదీ చూసుకోవాలి.

## చక్రం చోటు తేల్చడం

ఈ పనికి కంప్యూటర్ అలైన్‌మెంట్ మెషీన్ అక్కర్లేదు. తాడు, తూకపు గుండు, సుద్దముక్క, మంచి టేపు ఉంటే చాలు. ఏదీ విప్పకముందే, బండి తన చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే కొలవాలి. యాక్సిల్ కొసల నుంచి గుండు వేలాడదీసి నేల మీద గుర్తు పెట్టండి. ఛాసిస్‌లో కదలని రంధ్రాలు, అంటే క్యాబిన్ మౌంటు రంధ్రం, వెనక హ్యాంగర్ (కట్ట కొసని ఛాసిస్‌కి పట్టే బ్రాకెట్) రివెట్ లాంటివి నాలుగైదు ఎంచుకుని వాటి నుంచీ గుర్తులు దించండి. బండిని పక్కకి నెట్టేస్తే నేల మీద మిగిలే సుద్ద గీతలే మీ పటం. మూలల నుంచి మూలలకి అడ్డంగా కొలిచి చూడండి. రెండు కొలతల మధ్య తేడా 3 మి.మీ. లోపు ఉంటే ఛాసిస్ సవ్యంగా ఉన్నట్టే. అంతకు మించితే ఎప్పుడో ఎక్కడో తగిలిన బండి అది. ముందు ఛాసిస్ లాగించండి, సస్పెన్షన్ మాట తర్వాత.

చక్రం నడిమధ్య ఎక్కడ ఉండాలో తేల్చడానికి మూడు ఆధారాలు ఉన్నాయి, మూడూ ఒకే మాట చెప్పవు.

*పాత సెంటర్ బోల్ట్.* కట్ట పట్టీలని కలిపి యాక్సిల్ మీద కూర్చోబెట్టే బోల్టు ఇది. అందరూ దీన్నే నమ్ముతారు. సెంటర్ బోల్ట్ కట్టకి సరిగ్గా మధ్యలో ఉండాలని లేదు, అది తప్పూ కాదు. అసలు చిక్కు పట్టీలు వాలిపోవడంతో వస్తుంది. కట్ట చదునైతే పొడవు పెరిగి, యాక్సిల్ కదలని కన్ను నుంచి దూరంగా, షాకిల్ (కట్ట రెండో కొసని పట్టే, ఊగే లింకు) వైపు జరుగుతుంది. జీపు వంశంలో చాలా బండ్లకి ముందు కట్ట షాకిల్ ముందు కొసన ఉంటుంది కాబట్టి యాక్సిల్ ముందుకి వస్తుంది. షాకిల్ వెనక ఉన్న బండిలో వెనక్కి పోతుంది. ఇరవై ఏళ్ళు లోడు తోలిన బండి సెంటర్ బోల్ట్ చూపేది కంపెనీ పెట్టిన చోటు కాదు, అరిగిపోయిన చోటు.

*మడ్‌గార్డ్ వంపు.* కంటికి నప్పేది ఇదే. బండిని కిందికి దించేవాళ్ళకి మరీ ముఖ్యం, ఎత్తు తగ్గేకొద్దీ చక్రం వంపులో మధ్యకి లేదని బయటపడుతుంది. కానీ మడ్‌గార్డ్ ఇప్పటికే ఎన్నిసార్లు టింకరింగ్ అయ్యిందో ఎవరికి తెలుసు? రెండు వైపులా క్యాబిన్ తలుపు అంచు నుంచి వంపు దాకా కొలవండి. రెండూ ఒకటైతేనే దాని మాట వినండి.

*కంపెనీ వీల్‌బేస్ అంకె.* వెనక యాక్సిల్ నుంచి ముందుకి కొలవడం. వెనక కట్టలు కూడా వాలి ఉంటాయి కాబట్టి వెనక యాక్సిల్ బదులు వెనక హ్యాంగర్ రంధ్రాల్ని ఆధారం చేసుకోవాలి.

నా ఎంపిక ఇది: పని బండికి వీల్‌బేస్ అంకె, ముచ్చట బండికి మడ్‌గార్డ్ వంపు. సెంటర్ బోల్ట్‌ని సాక్షిగా మాత్రమే తీసుకోండి. ఆర్‌సీలో వీల్‌బేస్ రాసి ఉంటుందన్నది మరవొద్దు. అందం కోసం చక్రాన్ని అంగుళం ముందుకి జరిపితే అది కాగితంలోని అంకెని కూడా జరిపినట్టే.

ఇక ఎత్తు. 215/75 ఆర్15 టైరు బయటి వ్యాసం లెక్క ప్రకారం 703 మి.మీ. చుట్టుకి వస్తుంది. అందులో సగం 352. బరువు పడితే టైరు కొంచెం కుంగుతుంది కాబట్టి యాక్సిల్ మధ్యబిందువు నేల నుంచి అంతకంటే తక్కువలో ఉంటుంది, అది టైరు వేసి కొలుచుకోవాల్సిందే. ఇంజన్ దించేసిన ఛాసిస్ మీద ఎత్తు నిర్ణయించేవాళ్ళని చూశాను. ఇంజన్ ఎక్కగానే బండి ముక్కు నేలకేసి వాలుతుంది. ఇంజన్ పెట్టి అయినా కొలవాలి, దాని బరువుకి సరిపడా ఇసుక బస్తాలు వేసి అయినా కొలవాలి.

ఛాసిస్ వాలు కూడా తేల్చుకోవాలి. ఖాళీ పికప్ వెనక కాస్త లేచి నిలబడుతుంది, లోడుతో కుంగుతుంది. 2,600 మి.మీ. వీల్‌బేస్ బండిలో వెనక 45 మి.మీ. కుంగితే ఛాసిస్ ఒక డిగ్రీ వెనక్కి వాలి, ముందు క్యాస్టర్ (చక్రం స్టీరింగ్‌కి తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) ఒక డిగ్రీ పెరుగుతుంది. పవర్ స్టీరింగ్ లేని బండికి క్యాస్టర్ రెండు మూడు డిగ్రీలు చాలు. ఎక్కువైతే పలమనేరు సంతలో బండి తిప్పేసరికి భుజాలు పడిపోతాయి. కాబట్టి విష్‌బోన్ వేసేవాళ్ళు క్రాస్‌మెంబర్‌ని (ఆర్మ్‌లు బిగించే అడ్డ దూలాన్ని) ఛాసిస్‌కి మట్టంగా కాదు, బండి రోడ్డు మీద నిలబడే తీరులో నేలకి మట్టంగా పెట్టాలి. ఛాసిస్ వాలి ఉన్నప్పుడు దాని మీదే మట్టం బద్ద పెడితే, పై ఆర్మ్ ఇరుసుకి ఇచ్చిన వాలు కూడా తప్పిపోతుంది. ఆ వాలు బ్రేకు తొక్కినప్పుడు ముక్కు కుంగకుండా ఆపడానికి ఇచ్చింది.

## నాలుగు దారులు

### 1. ఉన్న కమాను కట్టల్నే కొత్తగా చేయించడం

పట్టీలు విప్పి, వాలినవాటికి మళ్ళీ వంపు ఎక్కించి లేదా కొత్తవి వేసి, బుష్‌లు, షాకిల్, యూ బోల్టులు, కింగ్ పిన్లు మార్చి, మంచి షాక్ అబ్జార్బర్లు బిగించడం. దీన్ని ఎవడూ గొప్ప అనడు. కానీ వంద బండ్లు తెస్తే తొంభై బండ్లకి కావాల్సింది ఇదే. బండి ఊగిసలాడుతోంది అని వచ్చేవాటిలో చాలావరకు అరిగిన కింగ్ పిన్, ఊడిన బుష్ పనే.

చోటు విషయంలో దీని లాభం పెద్దది: కొలతలన్నీ కంపెనీ ఎప్పుడో చేసిపెట్టింది. మీరు చూడాల్సినవి రెండే. సెంటర్ బోల్ట్ తల యాక్సిల్ సీటు రంధ్రంలో సరిగ్గా దిగిందా అన్నది ఒకటి. దిగకుండా యూ బోల్టులు బిగిస్తే యాక్సిల్ ఒక వైపు జరిగి, బండి పీతలా పక్కకి నడుస్తుంది. కట్ట వంపు మారినందుకు క్యాస్టర్ ఎంత తేడా వచ్చిందన్నది రెండోది. కావాలంటే కట్టకీ యాక్సిల్ సీటుకీ మధ్య రెండు డిగ్రీల వాలు షిమ్ (ఏటవాలు పలక) పెట్టి సరిచెయ్యొచ్చు. యూ బోల్టులు పాతవి వాడకండి, ఒకసారి సాగిన బోల్టు మళ్ళీ అంత పట్టు ఇవ్వదు.

నష్టం ఏమిటంటే కారులా మెత్తగా ఉండదు. ఎంత చేసినా.

### 2. రిజిడ్ యాక్సిల్ ఉంచి కాయిల్ స్ప్రింగులు వెయ్యడం

కట్టలు తీసేస్తే యాక్సిల్‌ని ముందుకీ వెనక్కీ పట్టుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. అందుకని రేడియస్ ఆర్మ్‌లు, పక్కకి జరగకుండా ప్యాన్‌హార్డ్ రాడ్ కావాలి. ఈ రాడ్ స్టీరింగ్ డ్రాగ్ లింక్‌కి (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాన్ని తిప్పే రాడ్‌కి) సమాంతరంగా, దాదాపు అంతే పొడవులో ఉండాలి. లేకపోతే ప్రతి గుంతలో స్టీరింగ్ దానంతట అది తిరుగుతుంది. మన కుడిచేతి స్టీరింగ్ బండిలో రెండిటి ఛాసిస్ వైపు కొస కుడి పక్కనే ఉండాలన్న మాట.

ఫోర్ వీల్ డ్రైవ్ బండి పెట్టుకుని తలకోన దారుల్లోనూ అడవి అంచున తోటల్లోనూ తిరిగేవాళ్ళకి ఇది బాగుంటుంది. చక్రం ఎక్కువ పైకీ కిందికీ ఆడుతుంది. మామూలు రోడ్డు బండికి ఇంత శ్రమ ఎందుకో నాకు అర్థం కాదు.

### 3. దాత బండి ముందు సస్పెన్షన్‌ని ఎత్తి పెట్టడం

2000లో వచ్చిన బొలేరోకి ముందు కాయిల్‌తో ఇండిపెండెంట్ సస్పెన్షన్ (రెండు చక్రాలూ వేటికవే ఆడేది) ఉంది. దాని క్రాస్‌మెంబర్, ఆర్మ్‌లు, స్టీరింగ్ మొత్తం ఒకే బండి నుంచి దించుకోవడం ఈ దారి. స్టీరింగ్ కుడిచేతిది, సామాను ఎక్కడైనా దొరుకుతుంది, మెకానిక్‌కి చెయ్యి అలవాటు. జీపు వంశానికీ బొలేరోకీ చక్రం బోల్టుల వలయం 139.7 మి.మీ.లో 5 బోల్టులే కాబట్టి ముందూ వెనకా ఒకే చక్రాలు నడిచే అవకాశం ఉంది. కొనే ముందు కొలిచి చూసుకోండి.

చిక్కులు మూడు. ట్రాక్ వెడల్పు మీ వెనక యాక్సిల్ కంటే ఎక్కువైతే టైర్లు మడ్‌గార్డ్ బయటికి వస్తాయి. క్రాస్‌మెంబర్ ఇంజన్ కిందికి వస్తుంది కాబట్టి ఆయిల్ సంపు గిన్నె ముందువైపు లోతుగా ఉన్న ఇంజన్‌కి తగులుతుంది. అప్పుడు ఇంజన్‌ని ఎత్తాలి లేదా వెనక్కి జరపాలి. మూడోది, ఆర్మ్‌లని విడివిడిగా తెచ్చి మీ కొలతల్లో అతికించాలన్న ఆశ. అది పెట్టుకోవద్దు. పై ఆర్మ్, కింది ఆర్మ్, టై రాడ్ మూడిటి లోపలి కీళ్ళ మధ్య లెక్క చెడిందంటే గుంతకి గుంతకి టైరు టో (చక్రం లోపలికో బయటికో చూసే కోణం) మారిపోతుంది. క్రాస్‌మెంబర్‌ని కొయ్యకుండా ముక్కగా తీసుకోవడమే ఈ దారికి ప్రాణం.

గుజిరీలో కొనేటప్పుడు రెండు ఆర్మ్‌ల ఇరుసు రంధ్రాల్లో రాడ్డు దూర్చి చూడండి. నేరుగా పోకపోతే అది యాక్సిడెంట్ బండిది.

### 4. మస్టాంగ్ 2 తరహా వెల్డింగ్ కిట్

యూట్యూబ్‌లో అమెరికా పాత ట్రక్కులు చూసి అడిగేది దీని గురించే. 1974 నుంచి 1978 దాకా ఫోర్డ్ అమ్మిన చిన్న కారు మస్టాంగ్ 2 ముందు సస్పెన్షన్ చిన్నది, ఇమిడికగా ఉండేది, ర్యాక్ అండ్ పినియన్ (చిన్న గేరు పళ్ళ కడ్డీని పక్కలకి జరిపే) స్టీరింగ్‌తో వచ్చేది. అందుకే అక్కడి కస్టమ్ షాపులు దాని నమూనాలో క్రాస్‌మెంబర్లు చేసి పాత ట్రక్కులకి అతికించడం మొదలుపెట్టాయి. ట్రాక్ సుమారు 56 అంగుళాలు. బండి నిలబడే ఎత్తులో కింది ఆర్మ్ నేలకి మట్టంగా ఉండాలన్నది దాని మూల సూత్రం.

మనకి అసలు అడ్డు ఒకటుంది. ఆ కిట్‌లోని ర్యాక్ ఎడమచేతి స్టీరింగ్‌ది, పినియన్ ఎడమ పక్కన ఉంటుంది. ర్యాక్‌ని తిప్పేసి వెనక్కి పెడదాం అంటే స్టీరింగ్ ఎడమకి తిప్పితే బండి కుడికి పోతుంది. స్టీరింగ్ ఆర్మ్‌లని కూడా అటుదిటు మార్చి సరిచేస్తే మలుపులో లోపలి చక్రం ఎక్కువ తిరగాల్సిన లెక్క తలకిందులై టైర్లు ఈడ్చుకుపోతాయి. కుడిచేతి ర్యాక్ విడిగా తెప్పించుకుంటే తప్ప దీని జోలికి పోకూడదు. పైగా అసలు నమూనా తేలికపాటి కారుది. డీజిల్ ఇంజన్ బరువుకి సరిపడా కిట్ అని అమ్మేవాడు కాగితం మీద చెప్పాలి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడాల్సింది | కట్టల రిపేరు | రిజిడ్ + కాయిల్ | బొలేరో దాత | మస్టాంగ్ 2 తరహా |
|---|---|---|---|---|
| చక్రం చోటు | కంపెనీదే | మీరే తేల్చాలి | మీరే తేల్చాలి | మీరే తేల్చాలి |
| ఛాసిస్ మీద కోత | లేదు | బ్రాకెట్లు | ఎక్కువ | ఎక్కువ |
| ఆర్‌సీ, ఎఫ్‌సీ | ఇబ్బంది లేదు | ఇబ్బందే | ఇబ్బందే | ఇబ్బందే |
| కుడిచేతి స్టీరింగ్ | ఉన్నదే | ఉన్నదే | సరిపోతుంది | ర్యాక్ మార్చాలి |
| సామాను ఇక్కడ | సులువు | కొంత | సులువు | దిగుమతి |
| మెత్తదనం | తక్కువ | మధ్యస్థం | బాగుంటుంది | బాగుంటుంది |
| వెనక్కి మార్చుకోవడం | అవసరమే లేదు | కష్టం | దాదాపు కుదరదు | దాదాపు కుదరదు |

## ఎవరికి ఏది

బాడుగకి తిప్పేవాళ్ళకి మొదటి దారి ఒక్కటే. ఇందులో చర్చ లేదు. పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు తోతాపురి లోడుతో గంటల తరబడి క్యూలో నిలబడే బండికి కారు మెత్తదనంతో పనేమిటి? ఆ డబ్బు వెనక కట్టలకీ బ్రేకులకీ పెట్టండి.

యాభై ఏళ్ళు దాటిన బండి ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల కింద 50 ఏళ్ళు దాటిన, వ్యాపారానికి వాడని బండికి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు వస్తుంది. కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. క్రాస్‌మెంబర్ కోసం ఛాసిస్ కోశారంటే ఆ తలుపు మీ చేత్తో మీరే మూసినట్టు. ఇలాంటి బండికి ఎవరైనా బొలేరో సస్పెన్షన్ సలహా ఇస్తే, బండి తీసుకుని ఇంటికి వచ్చెయ్యండి.

సొంత బండి, వయసు యాభై లోపు, మెత్తగా కావాలి అనేవాళ్ళకి మూడోదే తగింది, అదీ ఆర్టీఓ ఆఫీసులో ముందే కనుక్కుని, అనుమతి లేకపోతే రోడ్డెక్కించకూడదన్న షరతుతో. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకుండా చేస్తే క్లెయిము రోజున వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. చాలామందికి నేను చెప్పేది: ముందు కట్టలు బాగుచేయించి, మంచి షాకులు వేసి ఒక సీజను నడిపి చూడండి. ఆ తర్వాత కూడా కాయిల్ కావాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం. అడిగినవాళ్ళలో మళ్ళీ వచ్చినవాళ్ళు తక్కువ.

ప్రదర్శనకి మాత్రమే, సొంత స్థలంలో నడుపుకునే బండికి మస్టాంగ్ 2 కిట్ ముచ్చట తీర్చుకోవచ్చు.

## వెల్డింగ్ రాడ్డు అంటించే ముందు

మూడో, నాలుగో దారిలో వెళ్ళేవాళ్ళకి ఇది. ముందు చుక్క వెల్డింగే (తర్వాత ఊడదీసి సర్దుకునేలా అక్కడక్కడా అంటించడం) చేయించండి. షాక్ అబ్జార్బర్ స్థానంలో అదే పొడవు పట్టీ ముక్క బిగించి సస్పెన్షన్‌ని నిలబడే ఎత్తులో ఆపండి, స్ప్రింగ్ వెయ్యొద్దు. చక్రాలు బిగించి నేల మీది సుద్ద గీతలతో పోల్చండి. తర్వాత పట్టీ ముక్క తీసేసి జాకీతో చక్రాన్ని పూర్తిగా పైకి లేపి, అటూ ఇటూ చివరిదాకా తిప్పండి. టైరు వెనక అంచు మడ్‌గార్డ్‌కి, లోపలి అంచు ఛాసిస్‌కి తగులుతాయేమో ఇప్పుడే తెలుస్తుంది. క్యాస్టర్ సర్దితే చక్రం మధ్యబిందువు కొద్దిగా జరుగుతుంది కాబట్టి సర్దాక మళ్ళీ గుండు వేలాడదియ్యండి.

పూర్తి వెల్డింగ్ ఒక వైపు ఏకబిగిన లాగించకండి. ఎడమ కొంచెం, కుడి కొంచెం, చల్లారనిచ్చి మళ్ళీ. వేడికి ఛాసిస్ గుంజుకుపోతుంది, మొదట 3 మి.మీ. లోపు ఉన్న అడ్డకొలత చివరికి 8 అయి కూర్చుంటుంది. ఛానల్‌ని మూసే ప్లేటు కొసని నిలువుగా కొయ్యొద్దు, ఏటవాలుగా లేదా చేపతోకలా కొయ్యాలి. నిలువు అతుకు దగ్గరే పగులు మొదలవుతుంది. ఛానల్ పై రెక్కకీ కింది రెక్కకీ రంధ్రాలు వెయ్యనివ్వకండి. బోల్టు కావాలంటే నిలువు గోడకే.

అతుకు పెట్టేవాడు లారీ ఛాసిస్ పని చేసినవాడై ఉండాలి. గేట్లూ గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులో ఇది చేయించొద్దు, ఎంత తెలిసినవాడైనా సరే. పని అయ్యాక ఖాళీ బండితో ఒకసారి, వెనక లోడు వేసి ఒకసారి అలైన్‌మెంట్ చూపించండి. రెండు కాగితాలూ దాచుకోండి. క్యాస్టర్ తేడా ఒక డిగ్రీ, మహా అయితే డిగ్రీన్నర దాటితే వెనక కట్టలు వాలిపోయాయని అర్థం, ముందు చెయ్యి పెట్టకుండా వెనక్కి వెళ్ళండి.